బొట్టు పెట్టి ఇచ్చిన స్వెటర్

"ఈ స్వెటర్‌కు ఒక చెయ్యి పొడుగున్నది" అన్నాడు నిరంజన్.

జ్యోతిరాణి తలెత్తి చూసింది. నస్పూర్ కాలనీ కమ్యూనిటీ హాలు వరండాలో బల్ల వెనక నిలబడి పొద్దుటి నుంచి ఆమె ఇరవై మందికి స్వెటర్లు ఇచ్చింది. వంక పెట్టినవాడు ఇతనే మొదలు.

"మీ రెండు చేతులు సమానంగ ఉన్నయా?" అని అడిగింది.

అతను రెండు చేతులూ ముందుకు చాచి నిదానంగా చూసుకున్నాడు.

"ఎన్నడు కొలువలే" అన్నాడు.

"కొలుసుకొని రాండ్రి. అందాక దీన్ని పక్కకు పెడ్త."

అతను వెళ్లలేదు. వాళ్లది సిరిసిల్ల అనీ, తాతది మగ్గం అనీ, బట్ట కనబడితే తప్పు వెతకడం తమ ఇంటి జబ్బు అనీ చెప్పాడు. తను మాత్రం ఇక్కడ బాయిలో, అంటే బొగ్గు గనిలో, ఎలక్ట్రీషియన్‌. భూమి లోపల ఉడకపోత కాబట్టి స్వెటర్‌తో తనకు పని లేదన్నాడు. అన్నీ చెప్పి, చేతులు వంకగా ఉన్న ఆ స్వెటర్‌నే ఇమ్మన్నాడు.

జ్యోతిరాణి కుంకుమ వేలికి అద్దుకుంది. అతను ఆమె కంటే జానెడు ఎత్తు. ఆమె వంగమనలేదు, అతనే వంగాడు. బొట్టు పెట్టడం అయిపోయాక కూడా వంగే ఉన్నాడు.

"అయింది" అంది.

"ఆరేదాంక ఉంటున్న."

పొడి కుంకుమ ఆరడమేమిటో ఆమెకు తెలియలేదు. స్వెటర్‌ చేతుల్లో పెట్టింది. అతను బల్ల మీది డబ్బాలో నోటు మడిచి వేసి, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

స్వెటర్‌కు బొట్టెందుకు అని ఎవరైనా అడగవచ్చు. అది సత్తమ్మ తెలివి.

జ్యోతిరాణి ఉట్నూర్ దగ్గర ఆడపిల్లల హాస్టల్‌లో టీచరు. శనివారం సాయంత్రం బస్సెక్కి నస్పూర్ వస్తుంది, సోమవారం పొద్దున్నే పోతుంది. ఆ హాస్టల్‌లో నూట ఇరవై మంది పిల్లలు చలికాలం తెల్లవారుజామున తొట్టిలోని చన్నీళ్లే పోసుకుంటారు. అక్కడి చలికి తొట్టిలో నీళ్లు ముట్టుకుంటే చేతివేళ్లు తమవి కానట్టుంటాయి. కిందటేడు పుష్యమాసంలో జ్వరం వచ్చి ఎనిమిది మంది ఇళ్లకు పోయారు. జ్వరం తగ్గింది. పిల్లలు తిరిగి రాలేదు. ఇద్దరికి పెళ్లిళ్లు కూడా అయిపోయాయి. మిద్దె మీద ఎండకు నీళ్లు కాచే మిషన్ ఒకటి పెడితే ఈసారి ఎవరూ పోరని జ్యోతిరాణి నమ్మకం. పుష్యం వచ్చేలోగా అది పెట్టాలి. ఆమెకు ఉన్న తొందర అదొక్కటే.

సత్తమ్మ ఒకప్పుడు కాలనీ ఆస్పత్రిలో ఆయా. అక్కడ ఒక కేరళ నర్సు దగ్గర ఊలు అల్లడం నేర్చుకొని, కాలనీలో ఆరుగురు ఆడవాళ్లకు నేర్పింది. జ్యోతిరాణి సంగతి విని, ఆ ఏడుగురూ వర్షాకాలమంతా అల్లారు. స్వెటర్లు, మఫ్లర్లు, మేజోళ్లు, కోతి టోపీలు ఒక గది నిండాయి. అమ్ముదామని జ్యోతిరాణి అంటే సత్తమ్మ ఒప్పుకోలేదు.

"అమ్మితే బేరం చేస్తరు. ఉత్తగ ఇస్తె సిగ్గుపడి ఎక్కువిస్తరు" అంది.

మొదటి ఆదివారం ఉత్తగనే ఇచ్చి, పక్కన డబ్బా పెట్టారు. ఎవరూ సిగ్గుపడలేదు. మంచిపని బిడ్డా అని మెచ్చుకొని, స్వెటర్ తొడుక్కొని వెళ్లిపోయారు. ఒకాయన డబ్బా మూత తీసి, లోపల ఏమీ లేకపోయేసరికి పాపం అనుకొని మూత పెట్టేశాడు.

సత్తమ్మ రాత్రంతా ఆలోచించి, కొత్తబట్ట ఉత్త చేతులతో ఇవ్వడమే తప్పని తేల్చింది. ఈ వైపు ఎవరికైనా బట్టలు పెడితే బొట్టు పెట్టి పెడతారు. బొట్టు పెట్టించుకున్నవాళ్లు కట్నం చదివిస్తారు. నుదుటన బొట్టుతో ఏమీ చదివించకుండా గడప దాటే మనిషి ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదని ఆమె లెక్క. ఆ లెక్క తప్పలేదు. రెండో ఆదివారం నుంచి డబ్బా బరువెక్కింది.

అయితే సత్తమ్మ భర్త పోయి ముప్ఫై ఐదేళ్లయింది. బొట్టు పెట్టే పని ఆమె చేయలేదు. మిగతావాళ్లు కుర్చీల్లో కూర్చొని అల్లుతున్నారు. ఆ పని జ్యోతిరాణికి వచ్చింది. ఎవరూ దాని గురించి ఏమీ అనలేదు. అనకుండానే అందరికీ తెలిసిన సంగతుల్లో అదొకటి.

మరుసటి ఆదివారం నిరంజన్ మళ్లీ వచ్చాడు. బండి మీద పోతుంటే మెడకు గాలి తగులుతోందట. మఫ్లర్ తీసుకున్నాడు. వంగి బొట్టు పెట్టించుకున్నాడు. ఉట్నూర్‌లో చలి ఎంతుంటుంది, పిల్లలు ఏం తింటారు, మిద్దె సిమెంటుదా రేకులదా అని అడిగాడు. సిమెంటుదే అని చెప్పాక తృప్తిగా తల ఊపాడు.

ఆ తర్వాతి ఆదివారం చెవులకు చలి పెట్టింది. కోతి టోపీ తీసుకున్నాడు. అక్కడే తొడుక్కున్నాడు. కోతి టోపీలో బాగా కనబడే మగవాళ్లు ఉండరు, నిరంజన్ కూడా బాగా కనబడలేదు. బొట్టు చెదరకుండా టోపీ అంచు జాగ్రత్తగా పైకి మడుచుకున్నాడు. అతను మలుపు తిరిగేదాకా జ్యోతిరాణి అటే చూసింది. ఎదురుగా నిలబడ్డ మనిషి మేజోళ్లు ఇమ్మని రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

"గీ పిలగానికి ఆదివారమే చలి పెడ్తదా?" అంది సత్తమ్మ, సూదుల మీది నుంచి చూపు ఎత్తకుండా.

"దాత కదవ్వా. వద్దంటమా?"

"అందరు దాతలే. అందరి పేర్లు నీకు తెల్వయి."

జ్యోతిరాణికి ఇరవై తొమ్మిదేళ్లు. వచ్చిన సంబంధాలు రెండు. ఉట్నూర్ విడిచిపెట్టి రానని ఆమె అనగానే రెండూ వెళ్లిపోయాయి. మూడోదాని గురించి ఆలోచించడం ఆమె మానేసింది. కాబట్టి ఆ రోజు ఆమె ఏమీ ఆలోచించలేదు. నీలం ఊలుతో ఒక జత చేతితొడుగులు మాత్రం ఎవరికీ ఇవ్వకుండా బల్ల కింద దాచింది. వచ్చే వారం ఎవరికైనా వేళ్లకు చలి పెట్టవచ్చు.

ఆ వారంలోనే నిరంజన్ వాళ్లమ్మ రాజక్క సిరిసిల్ల నుంచి వచ్చింది. కూతురి కాన్పుకు పోయి మూడు నెలలకు తిరిగి వచ్చింది కాబట్టి బల్ల సంగతి, డబ్బా సంగతి ఆమెకు తెలియవు. దండెం మీద కొత్త స్వెటర్, కొత్త మఫ్లర్, కొత్త టోపీ కనబడ్డాయి. మఫ్లర్‌కు కుంకుమ అంటి ఉంది. ముప్ఫై ఒక్కేళ్ల కొడుకు చూపిన పిల్లనల్లా వద్దంటుంటే కడుపు మండి ఉన్న తల్లి. ఆమె మూడు ప్రశ్నలు అడిగింది, అతను మూడింటికీ జవాబు చెప్పాడు.

ఆదివారం నిరంజన్ బాయి డ్యూటీలో, జ్యోతిరాణి హాలు దగ్గర ఉండగా, రాజక్క ఇద్దరు చుట్టపు ఆడవాళ్లను వెంటబెట్టుకొని, పట్టుచీర, రవికె గుడ్డ, గాజులు, కొబ్బరికాయ పళ్లెంలో పెట్టుకొని బుచ్చిరాములు ఇంటికి పోయింది. బుచ్చిరాములు జ్యోతిరాణి తండ్రి, బాయి పని చేసి రిటైరైనవాడు. భార్య లేదు. కూతురి పుణ్యకార్యానికి జనం ఏదో ఒకటి తెచ్చి ఇవ్వడం అతనికి అలవాటైంది. కిందటి వారమే ఒకాయన పాత దుప్పట్లు తెచ్చి ఇచ్చాడు. కాబట్టి లేచి నిలబడి, పళ్లెం రెండు చేతులతో అందుకొని, చాలా మంచిపని చేస్తున్నారని రాజక్కకు చెప్పాడు. రాజక్క కళ్లొత్తుకుంది. అందరూ చాయ్ తాగారు.

సాయంత్రం జ్యోతిరాణి ఇంటికి వచ్చేసరికి మంచం మీద చీర ఉంది.

"ఇది ఎవలకు బాపు?"

"హాస్టల్ పిల్లలకట."

"హాస్టల్ పిల్లలకు పట్టుచీరెందుకు?"

బుచ్చిరాములు చీర మడత విప్పి చూశాడు. "ఒకటే చీర, నూట ఇరవై మంది పిల్లలు. నేను గూడ అదే అనుకున్న" అన్నాడు.

అది లగ్గం ఖాయం చేసుకునే చీర అని పక్కింటి కోమల వచ్చి చెప్పింది. కోమల కూడా అల్లే ఏడుగురిలో ఒకతె. అప్పటికి కాలనీ అంతా తెలిసింది. జ్యోతిరాణికే చివర తెలిసింది.

బుచ్చిరాములు మర్నాడు చీర పట్టుకొని రాజక్క ఇంటికి పోయాడు. పెట్టిన చీర వాపస్ తీసుకునే ఆచారం తమకు లేదని రాజక్క చెప్పింది. మీ బిడ్డ మూడుసార్లు బట్టలు పెట్టింది, మేం పెట్టింది ఒక్కసారే, ఇంకా రెండుసార్లు మిగిలే ఉంది అని కూడా అంది. బుచ్చిరాములు చీరతోనే తిరిగి వచ్చాడు.

తర్వాతి ఆదివారం హాలు దగ్గరికి ఎవరూ రాలేదు.

పెళ్లికాని కొడుకులను తల్లులు రానివ్వలేదు. బుచ్చిరాములు బిడ్డ బొట్టు పెడితే లగ్గం ఖాయమైనట్టేనట అని కాలనీలో మాట. పెళ్లయిన మగవాళ్లను భార్యలు రానివ్వలేదు, ఉన్న లగ్గం చాలన్నారు. ఆడవాళ్లు తమ మొగుళ్లకు కాపలా కాస్తూ ఇళ్ల దగ్గరే ఉన్నారు. మధ్యాహ్నం ఒకే ఒకతను వచ్చాడు. గురువారం హాలు ఖాళీగా ఉంటుందా అని అడిగి వెళ్లిపోయాడు. నిరంజన్ రాలేదు. నీలం చేతితొడుగులు బల్ల కిందే ఉన్నాయి.

మిషన్‌కు కావలసిన దాంట్లో సగమే పోగైంది. పుష్యానికి మూడు వారాలుంది. అంతలో ఉట్నూర్ నుంచి ఫోన్. ఆరో తరగతి పిల్లలిద్దరు దగ్గుతో ఇంటికి పోయారట.

జ్యోతిరాణి బల్ల అట్లాగే విడిచిపెట్టి నిరంజన్ క్వార్టర్‌కు నడిచింది. అతను గడప ముందు కూర్చొని ఎవరిదో మిక్సీ విప్పుతున్నాడు. ఒంటి మీద స్వెటర్ ఉంది. పొడుగు చెయ్యి రెండు మడతలు మడిచి ఉంది.

"మీ అవ్వకు ఏం చెప్పిండ్రు?"

"అడిగింది చెప్పిన. ఎవలు పెట్టిన్రు అన్నది. మీ పేరు చెప్పిన. బొట్టు పెట్టేనా అన్నది, అవునన్న. మూడుసార్లా అన్నది, మూడుసార్లే అన్న."

"అందరికి గట్లనే పెడ్తున్న అని చెప్పలే?"

"అది అడుగలే."

"మీరొస్తలేరు, ఎవ్వలొస్తలేరు. ఆ డబ్బా నిండకపోతే పిల్లలు పోతరు. పోయినేడు ఎనిమిది మంది పోయిన్రు, ఒక్కరు మళ్ల రాలే. ఈసారి అప్పుడే ఇద్దరు పోయిన్రు."

అతను స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. తను రాకపోవడానికి కారణం చెప్పాడు. వస్తే ఆమెకు ఇంకా మాట వస్తుందని ఆగాడట. ఏం చేయాలో చెప్పమన్నాడు.

"వచ్చే ఆదివారం అందరి ముంగట ఉన్నదున్నట్టు చెప్పుండ్రి."

"ఉన్నదున్నట్టా?"

"ఒక్క ముక్క ఇడువకుండ."

అతను మళ్లీ స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. "చెప్త" అన్నాడు.

అనుకున్న పని అయింది. అయినా తిరిగి నడుస్తుంటే జ్యోతిరాణికి ఏదో బాగాలేదు. అంత తొందరగా ఒప్పుకోవాల్సిన అవసరం ఏముంది అనిపించింది. చెప్పులు కరుస్తున్నాయేమోనని ఆగి చూసింది. చెప్పులు బాగానే ఉన్నాయి.

స్వెటర్లకు రాని జనం మాట వినడానికి వచ్చారు. హాలు నిండి వరండాలో కూడా నిలబడ్డారు. రాజక్క వెనక వరుసలో కూర్చుంది. కొడుకుతో వారం నుంచి మాటల్లేవు. అన్నం మాత్రం పెడుతోంది.

నిరంజన్ బల్ల పక్కన నిలబడ్డాడు. బాయిలో కరెంటు ఎందుకు పోయిందో పై అధికారికి చెప్పే గొంతుతో చెప్పాడు.

"టీచర్ నాకు పెట్టింది అందరికి పెట్టిన బొట్టే. ఆమె మనసుల పిల్లల నీళ్లు తప్ప ఏం లేదు. మా అవ్వ వేరే అనుకున్నది. అవ్వ తప్పు కాదు, నేను సంగతి చెప్పలే."

జనం తలలు ఊపారు. జ్యోతిరాణి కుంకుమ భరిణె మూత బిగించింది. అప్పటికే బిగించి ఉంది.

"స్వెటర్ నాకు అక్కెర లేకుండె" అన్నాడతను మళ్లీ. "మఫ్లర్ గూడ లేకుండె. ఆ టోపీ అసలు ఎవలకు అక్కెర లేదు."

టోపీలు అల్లిన కోమల సూదులు ఒళ్లో పెట్టేసింది.

"మూడుసార్లు ఆమెను చూద్దామనే వచ్చిన. ఉన్నదున్నట్టు చెప్పుమన్నరు, చెప్పిన. అది నా ఒక్కని సంగతి. దానికి ఆమెతోని సంబంధం లేదు, స్వెటర్లతోని సంబంధం లేదు. మీరు బేఫికర్ ఉండి తీసుకోండ్రి."

జ్యోతిరాణి బల్ల మీది స్వెటర్లను మడత పెట్టడం మొదలుపెట్టింది. అవన్నీ మడిచే ఉన్నాయి కాబట్టి విప్పి మళ్లీ మడిచింది. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియకపోతే చేతులకు పని చెప్పడం మంచిది.

ఎవరూ ముందుకు రాలేదు. చివరికి ఒక పెద్దమనిషి, అంతా మంచిగానే ఉంది గానీ, బొట్టు పెట్టేది మళ్లీ ఈ పెళ్లికాని పిల్లనే కదా అన్నాడు.

"సత్తవ్వ పెడ్తది" అన్నాడు నిరంజన్.

సత్తమ్మ కుడిచెయ్యి కొంగు కిందికి పోయింది. "నేనా? వద్దు బిడ్డా. నేను పెట్టొద్దు. ఎవలకు మంచిగుండది" అంది. కాలనీ అంతా వినేటట్టు మాట్లాడే మనిషి గొంతు సగానికి పడిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. అంతకుముందు కూడా ఎవరూ ఏమీ అనలేదు గానీ, ఈసారి అది జ్యోతిరాణికి వినబడింది. రెండు నెలలుగా భరిణె తన చేతిలో ఎందుకుందో అడగని వాళ్లలో తను కూడా ఉంది. ఆమె బల్ల చుట్టూ తిరిగి వచ్చి, భరిణె సత్తమ్మ ఒళ్లో పెట్టింది. సత్తమ్మ దాన్ని ముట్టుకోలేదు.

వెనక వరుసలోంచి రాజక్క లేచింది. ముఖాన రూపాయి బిళ్లంత బొట్టు, చేతులనిండా గాజులు. జనాన్ని తోసుకుంటూ వచ్చి, కొడుకును దాటిపోయి, సత్తమ్మ ముందు నేల మీద కూర్చుంది.

"నేను కాన్పుకు ఇక్కడ తల్లిగారింటికొస్తే, ఆస్పత్రిల వీన్ని మొదాలు పట్టుకున్నది నీ చెయ్యే కద సత్తక్కా. అప్పుడు మంచిగుండె, ఇప్పుడేమైంది?"

"అది ఆస్పత్రి పని రాజక్కా."

"ఇది పిల్లల పని. పెట్టు. నా మోకాళ్లు నొస్తున్నయి."

సత్తమ్మ కుడిచెయ్యి కొంగు కింది నుంచి బయటికి తీసింది. తర్వాత భరిణె తీసి, ఉన్న పెద్దబొట్టు కింద చిన్నబొట్టు పెట్టింది. అది కొంచెం పక్కకు పోయింది. ముప్ఫై ఐదేళ్లుగా ఆ పని చేయని వేలు. రాజక్క దాన్ని సరిచేసుకోలేదు. మేజోళ్ల జత తీసుకొని, కొంగు ముడి విప్పి, ఉన్నదంతా డబ్బాలో వేసింది. లేస్తూ జ్యోతిరాణి వైపు తిరిగింది.

"చీర సంగతి నువ్వు నిమ్మళంగ ఆలోచన చెయ్ బిడ్డా. నేనైతే వాపస్ తీసుకోను."

ఆ తర్వాత వరుస హాలు బయటి దాకా పోయింది. పెద్దమనిషి కూడా నిలబడ్డాడు. అతనికి కోతి టోపీ వచ్చింది. పొద్దు గూకేసరికి డబ్బా నిండింది, సత్తమ్మ వేలు ఎర్రబడింది. నొప్పి పుట్టిందా అని జ్యోతిరాణి అడిగితే, నీ పని నువ్వు చూసుకోమంది.

పుష్యం ఇంకా వారం ఉందనగా మిషన్ జీపులో ఉట్నూర్ పోయింది. నిరంజన్ సెలవు పెట్టి, తనతో పనిచేసే ఇద్దరిని వెంట తెచ్చుకున్నాడు. పొద్దున్నే మిద్దె ఎక్కి, పదకొండింటికి పైపులన్నీ బిగించారు. మిగతా ఇద్దరూ జీపులో పడుకున్నారు. ఎండకు నీళ్లు కాగడానికి నాలుగు గంటలు పడుతుంది. నాలుగు గంటలూ మిద్దె మీద నిరంజన్, జ్యోతిరాణి కూర్చోవలసి వచ్చింది. కూర్చోకపోయినా నీళ్లు కాగేవే గానీ, ఆ మాట ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

మొదటి గంట పైపుల గురించి మాట్లాడుకున్నారు. రెండో గంట అడవి చూశారు. దగ్గుతో పోయిన పిల్లలిద్దరూ మొన్న తిరిగి వచ్చారని ఆమె చెప్పింది. మంచిదన్నాడు.

"మీ బాపును అడిగిన" అన్నాడు మూడో గంటలో.

"ఏమన్నడు?"

"నిన్ను అడుగుమన్నడు."

"మరి అడుగలే."

"పైపులున్నయి కద."

"పైపులు అయిపాయె."

"అయినయి." అతను పానా పక్కకు పెట్టాడు. "నన్ను చేసుకుంటవా?"

జ్యోతిరాణి ముందు చెప్పవలసింది చెప్పింది. తను ఉట్నూర్ విడువదు. ట్రాన్స్‌ఫర్ అడగదు. ఈ నూట ఇరవై మంది పోతే ఇంకో నూట ఇరవై మంది వస్తారు. బాయి నౌకరి అతన్ని ఇక్కడికి రానివ్వదు. ఇదంతా ఆమె ఎండ వైపు చూస్తూ చెప్పింది.

"ఆదివారం ఉంటది కద" అన్నాడు నిరంజన్.

"వారానికి ఒక్కటే."

"మనం కలిసినయన్ని ఆదివారాలే. నాకు తక్కువ అనిపియ్యలే."

ఆమె నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడింది. అయినా కొంచెం బయటపడింది. అతను మర్యాదకు అటు తిరిగాడు.

కింద నల్లాల దగ్గర ఒక్కసారిగా గోల లేచింది. వేడినీళ్లు వచ్చాయి. ఎవరు ముందు అని పిల్లలు కొట్లాడుకుంటున్నారు. ఆరో తరగతి వాళ్లు బకెట్లతో ముందు నిలబడ్డారు, పదో తరగతి వాళ్లు న్యాయం కాదంటున్నారు. వార్డెన్ ఈల ఊదుతోంది, ఎవరూ వినడం లేదు.

జ్యోతిరాణి లేచి చీర దులుపుకుంది. నిరంజన్ చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. పైపు మరలకు పూసే జిడ్డు.

"చేసుకుంట" అంది. "చేతులు కడుక్కో పో. వేడినీళ్లున్నయి."